మా బావ పంతొమ్మిది తుపాకులు

మా అక్క మొగుడు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆ ముప్పయ్యేళ్ళలో ఆయన నమ్మిన మనిషి లేడు, మెచ్చిన తక్కెడ లేదు. నాది కిరాణా కొట్టు. సొంత బావమరిదినని కూడా చూడకుండా, అరిగిపోయిన నా వందగ్రాముల తూకంరాయిని జప్తు చేసి నలుగురి ముందూ రసీదు రాసిచ్చాడు. ఇదేం పనండీ అని అక్క అడిగితే, "తూకంరాయికి బావమరిది అని తెలుస్తుందటే?" అన్నాడట. ఆ కోపం నాకింకా పోలేదు. అందుకని నేను చెప్పబోయేదాన్ని మీరు కాస్త తగ్గించి తూచుకోండి.

ఆయనకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి, పాత సైనిక తుపాకులు. ఇప్పటివి కావు. నూటయాభై ఏళ్ళ కిందట సిపాయిలు మూతిలోంచి మందు పోసి, సీసపు తూటా వేసి, ఇనుప కడ్డీతో దట్టించి పేల్చినవి. నిలబెడితే మనిషి భుజం దాకా వస్తాయి. అన్నిటికీ కాగితాలున్నాయి, అనుమతులున్నాయి. ముందుగదిలో పద్దెనిమిది, భోజనాల బల్ల పక్కన గోడకి ఒకటి. ఆదివారం వస్తే పాత బనీను ముక్కతో ఒక్కోదానికీ నూనె రాస్తూ కూర్చునేవాడు. "ఈ ఇంట్లో నా తలకంటే వాటికే నూనె ఎక్కువ" అనేది అక్క. అన్నదే కానీ ఒక్కటీ తీసెయ్యమనలేదు.

తుపాకులు పోగుచేసేవాళ్ళకి ఒక నియమం ఉంది. పాత తుపాకీ చేతికి రాగానే కడ్డీని గొట్టంలోకి జారవిడవాలి. మూతి దగ్గర కడ్డీమీద గుర్తు పెట్టి, బయటికి తీసి, గొట్టం పక్కనే ఆనించి చూడాలి. కడ్డీ అడుగుదాకా వెళ్ళిందా, గొట్టం ఖాళీ. నాలుగు వేళ్ళు ముందే ఆగిందా, లోపల ఏ సిపాయో కూరి పేల్చకుండా వదిలేసిన మందూ తూటా ఇంకా ఉన్నట్టు. చూడవచ్చిన ప్రతివాడికీ బావ ఈ పాఠం చెప్పేవాడు. వింటున్నవాడు ఆవలిస్తే మొదటినుంచి చెప్పేవాడు. ప్రతి తుపాకీకీ ఒక అట్టముక్క చీటీ కట్టి, దానిమీద పొడవు, బరువు, కొన్న తేదీ, చివర్లో "గొట్టం ఖాళీ. స్వయంగా కొలిచాను" అని రాసి సంతకం పెట్టేవాడు. ఆ సంతకమంటే ఊళ్ళో షాపులవాళ్ళకి ఎంత హడలో నాకు తెలుసు.

రిటైరయ్యాక ఆయనకి ఒకటే కోరిక పట్టుకుంది. ఊరి మ్యూజియంలో ఒక గది, గది గుమ్మంమీద తన పేరు. "ఎవడో ఒకడు బోర్డు చదివి, ఈయనెవరండీ అని అడగాలిరా. అంతే" అన్నాడు నాతో. జన్మలో ఆయన నన్ను అడిగిన ఉపకారం అదొక్కటే, మ్యూజియంకి అర్జీ రాసిపెట్టమని. రాసిపెట్టాను. నాలుగు నెలలకి మ్యూజియం అధికారిణి తుపాకులు చూడడానికి వచ్చింది. చిన్నపిల్ల, ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. చేతికి తొడుగులు, చంకలో పుస్తకం.

"చీటీలన్నీ ఉన్నాయమ్మా, చూసి రాసుకోవడమే" అన్నాడు బావ.

"చీటీలు బావున్నాయి సర్. కానీ మా పద్ధతి ప్రకారం నేను కూడా కొలవాలి."

బావ మొహం వెలిగిపోయింది. లోకంలో తనలాంటి మనిషి ఇంకొకరు దొరికారని సంబరం. ముందుగదిలో పద్దెనిమిదీ కొలిచింది. అన్నీ ఖాళీ. అక్క ఫలహారం పెట్టింది. తిన్నాక ఆ పిల్ల గోడమీది పంతొమ్మిదోదాన్ని దింపి, కడ్డీ జారవిడిచి, గుర్తు పెట్టి, పక్కన ఆనించి చూసింది. మళ్ళీ జారవిడిచింది. మళ్ళీ చూసింది.

"సర్, ఇది నాలుగు వేళ్ళు తక్కువ ఉంది."

బావ తనే తీసుకుని కొలిచాడు. నాలుగు వేళ్ళు. నన్ను కొలవమన్నాడు. నా కొలతమీద ఆయనకి నమ్మకం కలగడం అదే మొదటిసారి. నాకూ నాలుగే వచ్చాయి.

జరిగింది ఇది. అది ఆయన మొట్టమొదటి తుపాకీ, పెళ్ళయిన రెండో నెలలో కొన్నాడు. అప్పటికి కొలవాలన్న నియమం తెలీదు. తెలిశాక, కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ గుమ్మం దాటకముందే కొలిచాడు. ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం కొలవలేదు. ఇంట్లోదే కదా! చీటీలు రాసిన రోజున అన్నిటితోపాటు దానికీ రాసి సంతకం పెట్టేశాడు. దీపం కిందే చీకటి అంటారు, ఇక్కడ దీపమే సంతకం పెట్టింది.

అంతటితో అయిపోతే నేను హాయిగా నవ్వుకునేవాణ్ణి. ఆ తుపాకీ మూతి ఏ దిక్కున ఉండేదో అప్పుడు గుర్తొచ్చింది. బల్ల చివర, వంటింటి గుమ్మానికి దగ్గరగా ఉండే కుర్చీవైపు. అది అక్క కుర్చీ. చుట్టాలొచ్చినప్పుడల్లా బావ సరదాకి దాని నిప్పు రాజేసే సుత్తిని వెనక్కిలాగి వదిలి టక్కుమనిపించేవాడు, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. మర్నాడు తుపాకులు బాగుచేసే ముసలాయన వచ్చి, మూతిలోంచి మరమేకు లాంటిది దింపి తూటాని లాగాడు. వెనకాలే నల్లటి మందు రాలింది. "పొడిగానే ఉంది. చిటికెడు నిప్పు తగిలితే ఇప్పుడైనా పేలేదే" అన్నాడు మామూలుగా. బావ ఆ తూటాని అరచేతిలో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

మ్యూజియం పిల్లకి మాత్రం పండగే. "సర్, ఒకేలాంటి తుపాకులు పద్దెనిమిది పెడితే జనం ఆగరు. దీని దగ్గర ఆగుతారు. తూటా, మందు, మీ చీటీ, ఇన్నేళ్ళూ ఎక్కడ ఉందో, అన్నీ పక్కన పెడదాం. అలా అయితే గది ఇస్తాం, మీ పేరూ పెడతాం. వద్దంటే మిగతావి తీసుకుంటాం కానీ, గోదాములోకే వెళ్తాయి."

వారం తరవాత బావ నా కొట్టుకొచ్చి స్టూలుమీద కూర్చున్నాడు. "ఆ చీటీ చించేస్తే ఎవడికి తెలుస్తుందిరా?" అన్నాడు. నా తూకంరాయి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చేతిలో ఇంకా ఆ తూటా ఉండడం చూసి మింగేశాను.

ఆ రాత్రి ఏమైందో అక్క చెప్పింది. గోడ ఖాళీ అయిపోయింది, మేకులు తప్ప ఏమీ లేవు. అయినా అన్నానికి కూర్చునేముందు అక్క తన కుర్చీని లాక్కెళ్ళి బల్లకి ఇవతలివైపు వేసుకుందట. బావ కంచం ముందునుంచి లేచిపోయి, పొద్దున్నే మ్యూజియంకి ఫోను చేశాడు. "చీటీ కూడా పెట్టండమ్మా" అన్నాడు.

గది తెరిచిన రోజున ముగ్గురం వెళ్ళాం. గుమ్మంమీద ఆయన పూర్తి పేరు, పెద్ద అక్షరాలు. జనం పద్దెనిమిదింటినీ నడుస్తూనే చూశారు. పంతొమ్మిదోదాని పక్కన, దాని మూతి ఇన్నేళ్ళూ భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీవైపే ఉండేదని రాసిపెట్టారు. అక్కడ ఆగి, చీటీ చదివి, తూటాని చూసి నవ్వారు. ఒక పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని చీటీని పైకే చదివాడు. "స్వయంగా కొలిచానన్నాడు! ఎవరండీ ఈ మహానుభావుడు?"

బావ ఎన్నేళ్ళనుంచో ఎదురుచూసిన ప్రశ్న. వచ్చేసింది. నేను ఆయన మొహంకేసి చూశాను. చూడకుండా ఉంటే బావుండేది. బావ మెల్లగా నా వెనక్కి జరిగాడు.

అక్క ముందుకొచ్చింది. "మావారండీ" అని బావ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "ఆ కుర్చీలో కూర్చున్నది నేను."

పెద్దమనిషి నవ్వు ఆపేశాడు.