శివరాత్రికి దిగిన టైర్లు

వానే దారి తప్పి వచ్చే అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి మంచు గురించి ఇంత పరిజ్ఞానం ఎక్కడిదని ఎవరైనా అడిగితే రామలింగయ్య మురిసిపోయేవాడు. అడగకపోయినా చెప్పేవాడు. షెఫీల్డ్‌లో ఏ తెలుగువాళ్ళ ఇంట్లో పుట్టినరోజు జరిగినా, సత్యనారాయణ వ్రతం జరిగినా, ప్లేటులో పులిహోర పడేలోపే చలికాలపు టైర్ల ప్రసక్తి తెచ్చేవాడు. మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుపోతుందనీ, చలికాలపు టైరు మెత్తగానే ఉండి మంచును పట్టుకుంటుందనీ, దాని మీద సన్నటి చీలికలు ఉంటాయనీ వేలితో గాలిలో గీసి మరీ చూపించేవాడు. పిల్లలు మెల్లగా జారుకునేవారు. పెద్దవాళ్ళకు ఆ అదృష్టం ఉండేది కాదు.

ఆయనది ధర్మవరం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మీద ఇంగ్లండు వచ్చి, కొన్నేళ్ళు రీడింగ్ అనే ఊళ్ళో చదునైన రోడ్ల మీద సుఖంగా కారు నడుపుకుని, 2014లో షెఫీల్డ్‌కు మారాడు. భార్య కస్తూరికి అక్కడ ఒక జీపీ సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్కులో, రిసెప్షన్ ఉద్యోగం దొరికింది. ఇల్లు మాత్రం నిటారు వాలు వీధిలో, దాదాపు కొండ కొసన. వేసవిలో చూసి కొన్నారు కాబట్టి ఆ వాలు వాళ్ళకు అందంగానే కనిపించింది.

ఆ ఏడాదే క్రిస్మస్ మర్నాడు మంచు పడింది. సరుకులు వేసుకుని వస్తున్న కారు కొండ చాలావరకు ఎక్కి, ఇక నావల్ల కాదన్నట్టు ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కినా, హారన్ కొట్టినా, వెంకటేశ్వరస్వామిని పేరు పెట్టి పిలిచినా ఆగకుండా నింపాదిగా జారి, కీత్ గారి పొదల కంచెలో కూర్చుంది. కీత్ ఆ వీధిలోనే పుట్టి పెరిగిన ముసలాయన, స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. టీ కప్పుతో బయటికి వచ్చి, కారునూ రామలింగయ్యనూ మార్చి మార్చి చూసి, "లోపలికొచ్చి టీ తాగుతావా, నీకు కంచెలోనే బాగుందా?" అని అడిగాడు. వీధి వీధంతా నవ్వింది. రామలింగయ్య మాత్రం ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మరుసటి ఏడాది ఆయన చలికాలపు టైర్లు కొన్నాడు. ఎవరి సాయం లేకుండా తానే జాకీ పెట్టి మార్చుకునేలా, విడిగా చక్రాలకు బిగించినవి నాలుగు. అక్టోబరు చివర వేసుకుని ఈస్టర్ తర్వాత తీసెయ్యమని కీత్ సలహా ఇచ్చాడు. రామలింగయ్యకు అది రుచించలేదు. వంటింటి గోడకు తెలుగు క్యాలెండర్ వేలాడుతుండగా ఈస్టర్‌తో మనకేం పని? విజయదశమికి కారుకు పూజ ఎలాగూ చేస్తాం, ఆ రోజే వేయాలి. శివరాత్రితో చలి సెలవు తీసుకుంటుందన్నది ధర్మవరంలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి, ఆ రోజే తీయాలి. లెక్క చక్కగా కుదిరింది. ఇంగ్లండు ఆకాశానికి మన క్యాలెండర్ ఎవరు పంపించారన్న అనుమానం మాత్రం ఆ మహానుభావుడికి రాలేదు.

అప్పటినుంచి ఏటా దసరాకు నాలుగు టైర్లకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి బండి తీసేవాడు. డిక్కీలో పార, దుప్పటి, టార్చి, అద్దం మీది మంచు గీకే స్క్రేపర్, ఫ్లాస్కు, ఆకలేస్తే తినడానికి బొరుగుల పొట్లం ఉండేవి. చక్రాలు మంచులో ఊరికే తిరిగితే కింద చల్లడానికి, పెంపుడు పిల్లులు దొడ్డికి కూర్చోవడానికి అమ్మే మట్టి బస్తా ఒకటి. సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేసే అమ్మాయి "మీకెన్ని పిల్లులు?" అని అడిగితే, "ఒక్కటే, పెట్రోలు తాగుతుంది" అన్నాడు. ఆ పిల్ల గబగబా బిల్లు చింపి ఇచ్చేసింది.

అన్నీ ఉన్నాయి, మంచు ఒక్కటే రాలేదు. రెండు చలికాలాలు వట్టి వానలతో గడిచిపోయాయి. షెడ్డులో తన పూలకుండీలకు చోటు లేకుండా పోయిందని కస్తూరి సణిగేది. కూతురు అపూర్వ కిటికీలోంచి చూసి, "డాడ్, ఇట్స్ రెయినింగ్. అగైన్," అని ఊరడించేది. వ్రతాల్లో కలిసినవాళ్ళు ముందుగా టైర్ల ఆరోగ్యం అడిగి, తర్వాతే ఆయన క్షేమం అడిగేవారు.

వెటకారం చెయ్యని మనిషి ఒక్క పుష్పలీల. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఆవిడ, అదే వీధిలో కొంచెం దిగువన ఒంటరిగా ఉండేది. రామలింగయ్య ఆవిడను అక్కా అనేవాడు, ఆవిడ తమ్ముడూ అనేది. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్ళేది. ఆస్పత్రి మినీబస్ వచ్చి తీసుకువెళ్ళేది. "మంచు పడి బస్సు రాకపోతే మీరు దిగులు పడొద్దక్కా. నా బండి ఉండాది," అని రామలింగయ్య నలుగురి ముందూ మాట ఇచ్చాడు. ఎవరు వచ్చినా ఆ మాట మళ్ళీ చెప్పేవాడు. ఆవిడ తల ఊపి, "నాకేం, మా తమ్ముడున్నాడు," అనేది.

2018లో శివరాత్రి ఫిబ్రవరి నడిమధ్యలో వచ్చింది. రామలింగయ్య ఉపవాసం ఉండి, స్నానం చేసి, జాకీ పెట్టి టైర్లు దించేశాడు. కీత్ చూసి, ఇంకా తొందరేమో అన్నాడు. రామలింగయ్య నవ్వేసి నట్లు బిగించాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే టీవీలో రష్యా వైపు నుంచి మంచు వస్తోందని చెప్పడం మొదలుపెట్టారు. మళ్ళీ వేసెయ్యమని కస్తూరి పోరింది. కీత్ కళ్ళముందు తీసినవి, ఆయన కళ్ళముందే మళ్ళీ ఎక్కించాలి. ప్రాణం ఒప్పలేదు. "అదంతా వార్తలోళ్ళ హడావుడిలే," అని దుప్పటి కప్పుకున్నాడు.

మార్చి నెల మొదటి రోజు పొద్దున లేచేసరికి వీధి కనిపించలేదు. కార్లు కనిపించలేదు. అంతా తెలుపు, ఇంకా కురుస్తూనే ఉంది. రామలింగయ్యకు ముందు కలిగింది సంతోషమే. మరుక్షణం షెడ్డులో పెట్టిన టైర్లు గుర్తొచ్చి మొహం వాడిపోయింది. కస్తూరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతాండావా?"

"నవ్వక ఏం చేయమంటారు? ఇన్నేండ్లు కాపలా కాస్తిరి. దొంగ వచ్చేనాటికి నిద్రపోతిరి."

అంతలో ఆవిడకే నవ్వు ఆగిపోయింది. ఆ రోజు గురువారం. పుష్పలీల డయాలిసిస్ రోజు.

రామలింగయ్య ఫోన్ చేశాడు. "బస్సు కొండ ఎక్కలేదట తమ్ముడూ. పెద్ద బండి ఏదన్నా దొరికితే పంపిస్తామన్నారు గానీ నమ్మకం లేదన్నారు. పోనీలే, శనివారం ఎలాగూ ఉందిగా. ఒక్కరోజుకి ఏం కాదు," అంది పుష్పలీల. మాట మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

సర్జరీలో రోజూ రోగులను చూసే కస్తూరి ఫోన్ పక్కనే నిలబడి వింది. "ఏం కాదంటే నమ్మొద్దు. ఒంట్లో నీళ్ళు పోవల్ల. పోకుంటే ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి. శనివారం దాకా ఆగే పని కాదిది," అంది.

రామలింగయ్యకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తను ఇచ్చిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. "అక్కా, స్వెట్టర్ వేసుకుని రెడీగా ఉండండి. నేను వస్తాండా," అని ఫోన్ పెట్టేసి, బూట్లు సరిగ్గా కట్టుకోకుండానే బయటికి పరిగెత్తాడు.

షెడ్డు తలుపు మంచులో కూరుకుపోయింది. డిక్కీలోంచి పార తీసి తవ్వుతుంటే, పక్కన ఇంకో పార చప్పుడు వినిపించింది. కీత్. ఆయన ఈస్టర్ ఊసు ఎత్తలేదు. దానివల్ల రామలింగయ్యకు ఇంకా సిగ్గేసింది. ఇద్దరూ చక్రాలు బయటికి లాగారు. కారు చదునుగా ఉన్న చోటే ఉంది గానీ, జాకీ మాత్రం మంచులో దిగబడిపోతోంది. కింద గట్టి చెక్క ఏదైనా కావాలి. కస్తూరి లోపలికెళ్ళి దేవుడి గూట్లో పీట తెచ్చింది.

"దేవుడెట్ల?" అన్నాడు రామలింగయ్య.

"దేవుడు కొంచేపు కిందనే కూచుంటాడులే. మీరు కానీండి."

పీట మీద జాకీ నిలబడింది. వేళ్ళు కొంకర్లు పోతున్నా ఒక్కొక్క నట్టూ విప్పుతూ, బిగిస్తూ, మూడు చక్రాలు మార్చారు. నాలుగోదాన్ని దొర్లిస్తుండగా రామలింగయ్య కాలు జారింది. చక్రం చేయి విడిపించుకుని గేటు దాటి వీధిలోకి వెళ్ళింది. "ఓరి నీ!" అంటూ ఆయన వెనకే పరిగెత్తాడు. ఆయన వెనక కీత్. చక్రం వాళ్ళిద్దరి కోసం ఆగలేదు. కొండ దిగి, పడుతూ లేస్తూ పోయి, పుష్పలీల ఇంటి ముందు చెత్తడబ్బాకు కొట్టుకుని పడిపోయింది. ఆ చప్పుడుకు తలుపు తీసి, శాలువా కప్పుకున్న పుష్పలీల చక్రాన్ని చూసింది. రొప్పుతూ వస్తున్న తమ్ముణ్ణి చూసింది.

"టైరు వచ్చింది. కారేదీ?" అంది.

కారు కూడా వచ్చింది. ఆ చక్రాన్ని ఇద్దరూ మళ్ళీ పైకి మోసుకెళ్ళి బిగించేసరికి కొంచెం ఆలస్యమైందంతే. రెండో గేరులో, బ్రేకు జోలికి పోకుండా, రామలింగయ్య కొండ దిగాడు. టైర్లు ఆయన చెప్పినట్టే మంచును కరచిపట్టుకున్నాయి. వీధి చివర అడ్డదిడ్డంగా ఆగిపోయిన కార్ల మధ్యనుంచి వెళ్తుంటే, వాటి యజమానులు దారి ఇచ్చి మరీ చూశారు. మరోరోజైతే ఆయన అద్దం దించి ఉపన్యాసం ఇచ్చేవాడే. ఆ రోజు పక్క సీట్లో ఊపిరి శబ్దం ఒక్కటే వింటూ నడిపాడు. ఆస్పత్రి వాకిట్లో నర్సు చక్రాల కుర్చీతో ఎదురొచ్చినప్పుడు గానీ ఆయన బిగిసిన భుజాలు సడలలేదు.

డయాలిసిస్ అయ్యేదాకా కారిడార్‌లో కూర్చుని, బొరుగుల పొట్లం ఖాళీ చేశాడు. తిరుగు ప్రయాణంలో పుష్పలీల ఊపిరి తేలికగా ఆడుతోంది. రామలింగయ్యకు పాత హుషారు వచ్చేసింది.

"చూస్తిరా అక్కా, ఆ పట్టు! నేను చెప్తే ఎవరన్నా వింటిరా?"

పుష్పలీల శాలువా సర్దుకుంది. "శివరాత్రి రోజు నువ్వు టైర్లు తీసెయ్యడం నేను చూశాను తమ్ముడూ. కీత్‌తో మాట్లాడదామని పైకొచ్చాన్లే."

"చూసినారా? మరి మంచు వస్తాదని టీవీలో చెప్తాంటే నాకు ఒక్క ఫోన్ చేసుంటే..."

"చేద్దామనే తీశాను. మళ్ళీ పెట్టేశాను. అంతమందిలో చెప్పుకున్న మాట కదా నీది. టైర్లు లేవక్కా అని నీ నోటితో నువ్వే నాకు చెప్పాల్సొస్తే చిన్నబోతావని. శనివారందాకా ఎలాగోలా నెట్టుకొద్దామనుకున్నా."

తన గొప్ప కాపాడటానికి ఈవిడ ప్రాణాన్ని పణంగా పెట్టిందా? టైర్ల గురించి ఇన్నేళ్ళు చెప్పిన ప్రతి ముక్కా చెవుల్లో మోగింది. చేదుగా ఉంది. రామలింగయ్య కారు ఆపేశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

"అక్కా, ఇంకెప్పుడూ నాతో ఇట్ల మర్యాద చేయొద్దు. మీరు లేకుంటే నా మాట నిలబడి ఏం, పడిపోయి ఏం? నేను తప్పు చేస్తే ఫోన్ చేసి తిట్టండి. పేరు పెట్టి తిట్టండి."

"నిజంగానా?"

"ఒట్టు."

"అయితే రామలింగయ్యా, బుద్ధుందా నీకు? బండి నడిరోడ్డు మీద ఆపావు. వెనకాల మంచు కరగడానికి ఉప్పు జల్లే లారీ వచ్చి నించుంది, చూడు."

ఆయన అద్దంలోకి చూశాడు. నిజమే, పసుపు లైటు తిప్పుకుంటూ లారీ నిలబడి ఉంది. రామలింగయ్య చెయ్యెత్తి డ్రైవరుకు క్షమాపణ చెప్పి, గేరు వేశాడు. పుష్పలీల ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంది, ఆయన నవ్వుతూ వింటూనే ఉన్నాడు.