తిరిగే ప్రోగ్రాముకు దసరా సెలవు

జడ్చర్ల దగ్గరి ఇంజినీరింగు కాలేజీలో కంప్యూటర్ల గది ఊడ్చి, తాళం వేయడం నా పని. తెలంగాణ వచ్చిన తర్వాతే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ముసలితనంలో వచ్చిన చదువు కాబట్టి బస్సు బోర్డు కనబడినా, గోడమీది రాత కనబడినా పైకి చదివేదాన్ని. వినేవాళ్లకు విసుగొస్తే అది వాళ్ల ఖర్మ.

అచ్చంపేట వైపు పిల్ల ఒకతి అక్కడ ఆఖరి ఏడు చదివేది. ఆమె చేసిన ప్రోగ్రాము ఒక కంప్యూటర్లో కుదురుగా ఉండదు. వైరు వెంట ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది. పోయిన చోట కొన్ని రోజులుండి, ఏం చెడిందో కనిపెట్టి, తెలిసింది మూట కట్టుకుని ముందుకు కదులుతుంది. అన్నీ చుట్టి, బయలుదేరిన కంప్యూటరుకే తిరిగి రావాలి.

"మరి నువ్వు ఎంబడి పోవా?" అని అడిగాను.

"పోను అవ్వా. చెప్పి పంపిన. ఏడికి పోవాల్నో అదే చూస్కుంటది."

"నీకన్నా నయమే. నీకు క్యాంటీన్ తొవ్వ గూడ తెల్వది."

పండుగ సెలవుల్లోనూ అది తిరగాలని, తర్వాత సారుకు చూపించాలని చెప్పి, మెయిన్ స్విచ్చి పక్కన నాకోసం పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది: ఆపవద్దు. నేను పైకి చదివాను. నవ్వింది.

దసరానాడు పసుపు కుంకుమ పట్టుకుని పోయాను. మా ఇంట్లో ఆ రోజు నాగలికీ, కొడవలికీ, ట్రాక్టరుకీ బొట్టు పెడతాం. వాటికి పని చెప్పం. ఇక్కడేమో డబ్బాలన్నీ గుయ్యిమంటున్నాయి. పండుగపూట కూడా దానికి తిరుగుడేనా అనిపించింది. కాగితం మళ్లీ చదివాను. ఒక్కపూట కూర్చుంటే ఏం పోతుందిలే అని స్విచ్చి ఆపి, అన్నిటికీ బొట్లు పెట్టాను. సాయంత్రం మళ్లీ వేసి ఇంటికి పోయాను.

సెలవులయ్యాక పిల్ల ఎంత వెతికినా అది ఏ కంప్యూటర్లోనూ లేదు. కరెంటు ఆగినప్పుడు ఎందులో ఉందో అందులోనే, మూటతో సహా పోయిందట. నేనే ఆపానని చెప్పాను. తల పట్టుకుని కూర్చుంది.

నన్నూ వెంటబెట్టుకుని సారు దగ్గరికి పోయి, "అవ్వకు సదువు రాదు సార్. తెల్వక ఆపింది. ఒక్క నెల ఇయ్యుండ్రి, మళ్లా పంపి చూపిస్త" అంది.

సారు మెత్తబడ్డాడు. "సరే తీ. సదువు రాని మనిషినేమంటం."

నాకు ఒళ్లు మండింది. "ఎవలికి రాదు సార్? ఆపవద్దు అని రాసున్నది. సదివిన. సదివే ఆపిన, పండుగ గదా అని."

సారు నన్నొదిలేసి పిల్ల వైపు తిరిగాడు. "అంటే నాతోటి అబద్ధమాడి గడువు అడుగుతున్నవా? లేదు. ఉన్నదే చూపెట్టు."

చూపించడానికి ఏముంది? ఆ ఏడు ఆమెకు పట్టా రాలేదు.

వరండాలో నన్ను ఆపి అడిగింది. "ఎందుకు చెప్పినవ్ అవ్వా?"

"రాదంటివి గదనే."

"గట్లంటెనే ఇద్దరం బయటపడుతుంటిమి."

ప్రోగ్రామును ఆపింది పండుగ మీది భక్తితో అనుకుంటాను. నోరు తెరిచింది మాత్రం నా నాలుగు అక్షరాల కోసం.

మరుసటి ఏడు ఆ పిల్ల మళ్లీ వచ్చి, దాన్ని మళ్లీ పంపింది. స్విచ్చి పక్కన అదే కాగితం. ఈసారి నేను పైకి చదవలేదు. దసరానాడు గది తాళం తీయకుండా, తలుపుకు బొట్టు పెట్టి వచ్చాను.