కలవని చివరి అంకెలు

నంద్యాలలో కడప బస్సెక్కాను. నా పక్కన కిటికీ దగ్గర ఒకమ్మాయి ఒళ్లో కాగితాలు పెట్టుకుని లెక్కలు చేస్తోంది. ఇరవై ఏళ్లుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి, చూపు అటే పోయింది.

"ఏం లెక్కమ్మా అది?"

"హిగ్స్ బోసాన్ అనే కణం గురించి సార్. కణాలను ఢీకొట్టే కొలైడర్‌లో అవి ఎన్ని పుట్టాల, పుట్టినాక ఎట్ల విడిపోవాల అని సిద్ధాంతం ప్రకారం లెక్క గడతాండా."

ఒకప్పుడు నేను చేయాలనుకున్న పని అది. కడుపు మండింది.

"దాన్ని ఎప్పుడో కనుక్కున్యారు గదా," అన్నాను.

"కనుక్కున్యారు సార్. కానీ మా లెక్క మొరటుగా ఉంటే, ప్రయోగంలో తేడా వచ్చినా అది కొత్త సంగతో, మా తప్పో తెలీదు. అందుకే ఇదే లెక్క జర్మనీలో ఇంకొకాయన కూడా చేస్తాండాడు. అయ్యేదాంక ఒకరిది ఒకరం చూడం."

శిరివెళ్ల దాటాక ఆమె లెక్క ముగించి, జవాబు ఫోన్‌లో పంపింది. కాసేపటికి తిరుగు మెసేజ్ వచ్చింది. "ఆయన జవాబు సార్. చివరి అంకెలు కలవల్యా!" అంది. నాకు లోలోపల హాయిగా అనిపించింది. ఆమె మాత్రం గట్టిగా నవ్వేసింది. "తప్పు ఇప్పుడే బయటపడింది, మేలు," అంటూ మొదటి కాగితం తీసి మళ్లీ మొదలుపెట్టింది. ఆళ్లగడ్డలో నేను దిగుతున్నా తలెత్తలేదు.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ కుళ్లుకుంటాను. ఆ రోజు ఇంటికెళ్లి, పొద్దున క్లాసులో బోర్డు మీద చేసిన లెక్కను మళ్లీ చేశాను. అదే జవాబొచ్చింది. ఇరవై ఏళ్లుగా అదే వస్తోంది. కాదనేవాళ్లు ఒక్కరూ లేరు.