టీకాల పెట్టెతో రేవు దాటిన ఫార్మసిస్టు గారు

మా ఫార్మసిస్టు గారు పోయేరని నాకు తెలిసేసరికి పదకొండో రోజు కూడా దాటిపోయింది. రాజోలు బస్టాండులో ఎవరో మాటల మధ్య చెప్పేరు. ఆ కబురు పంచుకోడానికి ఆయన్ని ఎరిగినవాళ్ళు పక్కన ఒక్కరూ లేరు.

తొంభైల్లో సఖినేటిపల్లి దగ్గర చిన్న ఆసుపత్రిలో నేను నర్సుని. బుధవారం బుధవారం గోదారి మధ్య లంక ఊళ్ళకి టీకాలు చేర్చడం మా ఇద్దరి పని. ఏ ఇంట్లో ఏ బిడ్డకి ఎన్ని నెలలు నిండేయో కనుక్కుని మరీ ఆయన మందు తెప్పించేవారు. "ఎక్కువ తెచ్చి పారేసినా తప్పే, తక్కువ తెచ్చి తల్లిని తిప్పి పంపినా తప్పేనండి" అనేవారు. గడువు దగ్గరపడ్డ సీసాలు ముందు వరసలో, కొత్తవి వెనక. భార్య పెళ్ళైన మూడేళ్ళకే పోయింది, పిల్లల్లేరు. మధ్యాహ్నం గోదారి వైపు తిరిగి కూర్చుని ఒక్కరే క్యారేజీ విప్పుకునేవారు.

పెద్ద తుపాను వచ్చిన ఏడాది వారం రోజులు కరెంటు లేదు. ఆయన చేపల రేవు నుంచి ఐసు తెచ్చి టీకాల పెట్టెలో సర్దేరు. వరద ఉధృతికి పడవ ఆలస్యమైంది. లంకలో దిగి మూత తీస్తే ఐసంతా నీళ్ళు. ఎదురుగా చంటిపిల్లలతో పాతికమంది తల్లులు.

"ఐసు కరిగి కాసేపే కదండీ, వేసేద్దాం" అన్నాను మెల్లగా.

"వద్దమ్మా. పోలియో చుక్కలు పడ్డాయనుకుంటే తల్లి నిశ్చింతగా ఉండిపోతుంది. వెయ్యకపోతే మళ్ళీ తీసుకొస్తుంది."

మందు పాడైందని ఆయనే వాళ్ళకి చెప్పేరు. "మోకాల్లోతు బురదలో వచ్చేం, ఇందుకా?" అని ఓ ముసలమ్మ తిట్టిపోసింది. చేతులు జోడించి నిలబడ్డారు.

మరుసటి బుధవారం కొత్త మందుతో వెళ్తే ఒక్కరూ రాలేదు. ఆయన పెట్టె భుజానికి తగిలించుకుని ఇంటింటికీ నడిచేరు. చివరి ఇంట్లో ఆ ముసలమ్మే మనవణ్ణి ఎత్తుకొచ్చి, "పాడైందని చెప్పిన మనిషే బాగుందంటున్నారు. వెయ్యండి బాబూ" అంది.

"ఆయ్" అన్నారు. పెట్టె దించి మూత తీసేరు.

రిటైరయ్యేక రాజోల్లో ఓ గది తీసుకున్నారు. వెళ్ళాలి, వెళ్ళాలి అనుకుంటూనే రెండేళ్ళు గడిపేశాను. కబురు తెలిసేక, మొన్న వెళ్ళాను. తాళం వేసి ఉంది. పెరట్లో దండెం మీద ఆయన తువ్వాలు ఎండకి బిరుసెక్కి, గాలికి అటూ ఇటూ ఊగుతోంది. తీసేవాళ్ళు లేరు. తీద్దామని చెయ్యి చాచి, తియ్యలేక అలాగే నిలబడిపోయాను.