గుడ్డ తగిలినంత మేర

ఈ వానాకాలం మా అమ్మాయి వాళ్ల ఇంటి తలుపు తీయగానే నన్ను ముందు పలకరిస్తున్నది జింక్ క్రీము వాసన. తడిసున్నంలో కాస్త చేపనూనె కలిపినట్టుండే ఆ వాసన, రాజమహేంద్రవరంలోని ఆ మూడో అంతస్తు గదిలో, పాలవాసనతోనూ ఆరని తువ్వాళ్ల ముక్కిన వాసనతోనూ కలిసి నిలిచిపోయి ఉంటుంది. నెలల పిల్ల నా మనవరాలు. డైపరు కింద దాని ఒళ్లు దానిమ్మగింజ రంగుకి తిరిగింది. గోరువెచ్చని నీళ్లు తగలగానే అది ఏడ్చిన ఏడుపు, ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపు కాదు. ఊపిరి బిగబట్టి, పెదవి వణికించి, ఒక్కసారిగా తెగే ఆ ఏడుపుని నేను ఇదివరకు ఒక్కచోటే విన్నాను.

తణుకు దగ్గర కాలువ ఒడ్డున మా ఊరు. నా చిన్నతనంలో శ్రావణం వచ్చేసరికి గోదావరికి వరద తగిలి, కాలువలోకి ఎర్రనీరు దిగేది. వేసవిలో అడుగున ఇసుక కనిపించే నీళ్లు ఆ రోజుల్లో చెంబులో ముంచితే టీ రంగులో ఉండేవి. ఆ నీళ్లలో ఉతికిన తెల్లబట్టలన్నీ మట్టిరంగు తిరిగేవి. మా నాన్నగారి అమ్మ, మా మామ్మ, తెలుపు విషయంలో ఎవరి మాటా వినే మనిషి కాదు. తాతయ్య పంచెలతోపాటు, పాత పంచెలు చింపి చేసిన మా పసి తమ్ముడి పొత్తిగుడ్డలని కూడా నీలిమందు వేసిన గంజితొట్టిలో ముంచి తీయించేది. వానకి దండెం మీద ఏదీ ఆరదు గనక, కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన కోడిగంప బోర్లించి, దాని మీద గుడ్డలు పరిచేవారు. వాటిని తిరగేసే పని నాది. వసారాలో అచ్చనగాయలు ఆడుకుంటూ ఆట మధ్యలో లేచి వెళ్లి తిరగేసి వచ్చేదాన్ని. ఎన్ని తడుస్తున్నాయి, ఎన్ని ఆరుతున్నాయి అని ఎవరూ అడగకపోయినా మనసులో లెక్క వేసుకుంటూ ఉండేదాన్ని. ఎప్పుడూ తడిసినవే ఎక్కువ. అందుకని చేతికి వెచ్చగా తగిలితే చాలు, ఆరినట్టే లెక్క. ఇంటినిండా సాంబ్రాణి పొగ, పులిసిన గంజి, నానిన గోడ, వీటన్నిటి వాసన.

ఆ గుడ్డల్లోనే మా తమ్ముడి పిరుదులు ముందు కందాయి, తరవాత ఒరుసుకుపోయాయి. మామ్మ పసుపు కలిపిన కొబ్బరినూనె రాసింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. పౌడరు చల్లింది. అది చెమ్మకి ఉండకట్టి తొడల మడతల్లో ఇరుక్కుపోయింది. పక్కింటి సత్యవతి పిన్ని చూడ్డానికొచ్చి గుమ్మంలోనే నవ్వింది. "ఏంటమ్మా, పిల్లాడా కోతిపిల్లా? వెనకంతా ఎర్రగా వెలిగిపోతున్నాడు! తల్లిగారు చాటుగా ఆవకాయ గానీ లాగించారా ఏంటి?"

ఆవిడ సరదాకే అంది. మామ్మ సరదాగా తీసుకోలేదు. "తల్లి తిన్నదే బిడ్డకి అందుతుంది అమ్మాయ్. నీ పాలు వేడి చేశాయి" అంది మా అమ్మతో.

ఆ రోజు నుంచీ అమ్మ కంచంలో ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చింది. ముందు వెల్లుల్లి కారం పోయింది, తరవాత మిరియాల చారు, తరవాత నెయ్యి. చివరికి మెత్తటి అన్నం, పెసరకట్టు మిగిలాయి. శ్రావణ శుక్రవారం వంటింట్లో పూర్ణం బూరెలు బుసబుస పొంగుతుంటే, యాలకుల వాసన వీధిలోకి పోతుంటే, అమ్మ గోడవైపు తిరిగి ఆ పెసరకట్టే కలుపుకుంది. తిండి తగ్గి పాలు తగ్గాయి. పాలు తగ్గి పిల్లాడు రాత్రీ పగలూ కూడా ఏడ్చేవాడు. వాడి ఒళ్లు మాత్రం మానలేదు. మామ్మది రాయిగుండె కాదు. మా నాన్నకంటే ముందు పుట్టిన బిడ్డ ఒక వానాకాలంలో జ్వరం వచ్చి ఆవిడ ఒళ్లోనే పోయాడు. అప్పట్నుంచీ పసిపిల్లల ఒంటిమీద ఎరుపు కనిపిస్తే ఆవిడకి కాళ్లూ చేతులూ ఆడవు. నాన్నగారిని తణుకు పంపి పాలడబ్బా తెప్పించింది. మర్నాటి నుంచి అమ్మ పిల్లాడికి పాలివ్వకూడదని తేల్చేసింది.

ఆ సాయంత్రం అమ్మ పిల్లాణ్ణి గుడ్డ విప్పి ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత పిలిచింది.

"అత్తయ్యగారూ, ఒక్కసారి ఇలా రండి. నా పాలు వేడైతే ఆ వేడి వాడి ఒళ్లంతా ఎక్కాలి కదండీ? మెడకింద చూడండి, చంకల్లో చూడండి, ఎంత నున్నగా ఉన్నాయో. గుడ్డ తగిలినంత మేరే కందింది. ముడి ఉన్నచోట ముడి అచ్చు కూడా పడింది."

"అయితే తప్పు నా గుడ్డలదా? ఊళ్లో ఇంత తెల్లటి గుడ్డలు ఎవరింట్లో ఉన్నాయో చెప్పు!"

"తెల్లగానే ఉన్నాయండి. కాస్త మీ చెంపకి రాసుకోండి."

మామ్మ గంప మీది గుడ్డ తీసి చెంపకి రాసుకుంది. గంజికి అంచు అప్పడంలా బిరుసెక్కి ఉంది. మడత విప్పి రెండోసారి రాసుకుంది. పైన నిప్పుల వెచ్చదనం, మడత లోపల చెమ్మ. ఆ గుడ్డని మళ్లీ గంప మీద పరచలేదు, చుట్టి పక్కన పడేసింది. నావైపు తిరిగి, "ఒసేయ్, ఆ పాలడబ్బా అటక మీద పెట్టు" అంది.

మర్నాడు గంజి తొట్టి బోర్లించారు. చూరు కింద గంగాళాలు పెట్టి వాననీళ్లు పట్టి, పొత్తిగుడ్డలన్నీ ఉడకబెట్టి, ఆ తేటనీళ్లలో జాడించారు. మెత్తటి గుడ్డల కోసం అమ్మ తన పాత వాయిలు చీర చింపింది. తమ్ముణ్ణి పగలంతా గుడ్డ కట్టకుండా గాలికి వదిలేశారు. తడిసిన వెంటనే నీళ్లతో కడిగి, తుడవకుండా మెత్తగా అద్ది, ఒళ్లు పూర్తిగా ఆరాకే పల్చగా ఉత్త కొబ్బరినూనె రాసేవారు. ఎరుపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం మామ్మే అమ్మ కంచంలో వెల్లుల్లి కారం పెట్టి, దాని మీద గరిటెడు నెయ్యి పోసి, ఎదురుగా పీట వేసుకుని, తినేదాకా కదలకుండా కూర్చుంది.

ఇప్పుడు ఆ కాలువ రేవులో బట్టలుతికేవాళ్లు లేరు. కోడిగంప లేదు, పొత్తిగుడ్డలు ఆరేసిన దండెం లేదు, నీలిమందు కలిపిన గంజి వాసన మా పిల్లలకి తెలియదు. మామ్మా పోయింది, అమ్మా పోయింది. మా మనవరాలికి వైద్యం చూసిన డాక్టరు గారు వివరంగానే చెప్పారు: డైపరు తడవగానే మార్చండి, రోజూ కాసేపు అది లేకుండా ఉంచండి, సువాసన వేసిన వైప్స్ వద్దు, ఉత్త నీళ్లు చాలు, క్రీము మందంగా రాయండి, మడతల్లో చిన్నచిన్న ఎర్రచుక్కలు లేచినా, చీము పట్టినా, జ్వరం తగిలినా వెంటనే తీసుకురండి. మా అమ్మాయి అన్నిటికీ తలూపింది.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు చూశాను. దాని కంచంలో అన్నం, పల్చటి మజ్జిగ తప్ప ఏమీ లేవు.

"కూర వేసుకోవేంటే?"

"మొన్న పులిహోర తిన్నానమ్మా. అందుకే వచ్చిందేమో పాపకి." తల ఎత్తకుండా అంది.

పాపని నా ఒళ్లోకి తీసుకుని, మెడకింద చూపించాను, చంకల్లో చూపించాను. "డైపరు తగిలినంత మేరే ఉందమ్మా" అన్నాను. మా అమ్మాయి నమ్మిందో లేదో తెలియలేదు. లేచి వెళ్లి వెల్లుల్లి కారం సీసా, నెయ్యి గిన్నె తెచ్చి, దాని కంచంలో వేసి, ఎదురుగా కూర్చున్నాను.