బొట్టు చెరగని అద్దం

గట్టు దారిలో, గద్వాలకు మూడు కోసుల దూరంలో ఉన్న ఓ ఊరి దొరకు మోటారు వచ్చిన ఏడాది బాలన్నకు నలభై నిండాయి. అంతకుముందు పాతికేళ్లు అతని పని దొర సవారి బండికి ముందు పరుగెత్తడం. అది వెట్టి. ఎద్దులకంటే నాలుగడుగులు ముందుండి "దొర వస్తుండు, తప్పుకోండ్రి" అని అరవాలి. ఇల్లు చేరగానే ఎద్దులకు మేత వేసేవారు. బాలన్నకు ఆ మర్యాద లేదు.

మోటారుకు ముందు మనిషి పరుగెత్తలేడు. మోటారు మా జనానికి చేసిన మేలు నాకు తెలిసి ఇదొక్కటే. దొర బాలన్నను అద్దం తుడవడానికి పెట్టాడు. పొద్దున్నే ముందరి అద్దం మీది దుమ్ము, చలికాలమైతే ఆ దుమ్ము మీద కురిసిన మంచు తుడిచి మెరిపించాలి. తుడిచే గుడ్డ దొరసాని పాత చీర ముక్క. గద్వాలలో మా నాయన నెల రోజులు మగ్గం గుంతలో కూర్చుని నేసిన చీర అది. చివరికి ఒక పనికి వచ్చింది.

నేను చీరలు ఇవ్వడానికి పోయినప్పుడు బాలన్న మురిసిపోతూ అన్నాడు: "ఉరుకుడు తప్పింది బిడ్డా. ఇప్పుడు ఈ కాళ్లు నాయి."

చిక్కు దసరాకు మొదలైంది. ఆయుధపూజనాడు దొరసాని శారదమ్మ కుంకుమను ఆముదంలో కలిపి అద్దం నడుమ అరచేతంత బొట్టు పెట్టింది.

"బొట్టు తుడిస్తే బండి ముండమోసినట్టే. చెయ్యి పెట్టినవో, మళ్ల వెట్టికి తోలిస్త!"

ప్రతి శుక్రవారం ఆ బొట్టు మీద కొత్త బొట్టు. ఆముదం కారింది, దానికి దారి దుమ్ము అంటింది. పుష్యమాసానికి మంచుతో కలిసి సగం అద్దానికి పైగా పాకింది. పొలం దున్నేవాడు గట్టు వదిలినట్టు బాలన్న బొట్టును వదిలి చుట్టూ తుడిచేవాడు. రోజురోజుకూ పొలం తగ్గి గట్టు పెరిగింది.

ఆ మాసంలోనే ఒకనాడు హైదరాబాదు నుంచి పెద్ద అధికారి గద్వాలకు వచ్చాడు. అందరికంటే ముందు దండ వేయాలని దొర తెల్లవారగానే మోటారెక్కాడు. బయట పొగమంచు. డ్రైవరు సాయన్న చేతులెత్తేశాడు.

"ఏం కనిపిస్తలేదు దొరా. ముందట ఉన్నది ఎద్దో మనిషో తెల్వదు."

"తుడువురా బాలిగా!"

"చుట్టుముట్టు తుడిచిన, బాంచెన్. నడుమ అమ్మగారి బొట్టున్నది."

"అది గూడ తుడువు."

అరుగు మీద దొరసాని దగ్గింది. ఏడు ఊళ్లను వణికించే దొర గొంతు దిగింది. "జర ఆగు," అన్నాడు.

గుడ్డ పట్టుకుని బాలన్న నిలబడ్డాడు. తుడిస్తే దొరసాని వెట్టికి పంపుతుంది. తుడవకపోతే దొర పంపుతాడు.

"అద్దం పైకి లేపుదం దొరా. లేస్తది గద," అన్నాడు.

లేపారు. మంచుగాలి తగిలి దొర తుమ్మాడు. ప్రయాణానికి ముందు తుమ్ము! అందరూ కాసేపు కూర్చుని లేవవలసి వచ్చింది. అద్దం దించారు.

అప్పుడు దొరసానికే ఉపాయం తట్టింది. "గింతదానికి పరేషానెందుకు? బాలిగాడు తెల్లగుడ్డ పట్టుకొని ముందల పోతడు. వాని ఎనక పోండ్రి."

అమ్మగారి తెలివికి గడి లోగిలిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు.

అధికారి వచ్చాడని గద్వాల ఊరి మొదట్లో మా నేతగాళ్లం నిలబడి చూస్తున్నాం. పొగమంచులోంచి ముందుగా ఊగుతున్న గుడ్డ కనిపించింది. తర్వాత బాలన్న. తర్వాత బొట్టు. దాని వెనక మోటారు. సాయన్న తల బయట పెట్టి అరుస్తున్నాడు: "ఉరుకు బాలన్నా! మెల్లగ పోతే ఇంజను ఆగిపోతది!"

అధికారి దండ వేయించుకుని, అద్దం చూసి, దొర దైవభక్తిని మెచ్చుకున్నాడు. బాలన్న పని పోలేదు. పొద్దున తుడవాలి, మంచు పడితే ఉరకాలి.

నేను చెంబుతో నీళ్లిచ్చాను. సగం తాగి, సగం కాళ్ల మీద పోసుకున్నాడు.

"ఎద్దులే నయముండె బిడ్డా," అన్నాడు రొప్పుతూ. "వాటికైన దమ్మొచ్చి ఆగుతుండె."