కన్ను వయసు అడిగిన అద్దాల సాయిబు

మొన్న శుక్రవారం పొద్దున గోడ పని మీద ఉండగా కబురు వచ్చింది. కొత్తకోట బస్టాండు ఎదుట కళ్లద్దాల దుకాణం నడిపే సాయిబు తెల్లవారుజామున పోయాడని, నమాజు తర్వాత ఎత్తుతారని. నేను తాపీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. కలిపిన సిమెంటు తట్టలోనే గట్టిపడింది. నేను మేస్త్రీని, ఐదో తరగతి దాటలేదు. రాయడం నా పని కాదు. కానీ ఆయనకు అందించవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆయన లేడు గనుక మీకు చెబుతున్నాను.

ఆ దుకాణం గోడలు నేనే కట్టాను. తలుపు తీస్తే ఇద్దరు పట్టేంత జాగా. ఆయన అద్దాలు అమ్మి చేతులు దులుపుకునే రకం కాదు. చదువుకున్నవాళ్లకు అద్దాలు పెట్టి, రోడ్డు మీద పోయే లారీ వెనక ఏం రాసి ఉందో చదవమనేవాడు. చదువు రాని ఆడవాళ్లకు సూదీ దారం ఇచ్చేవాడు. దారం ఎక్కేదాకా దుకాణం దిగనిచ్చేవాడు కాదు. నాకు నలభై దాటి దగ్గరి చూపు తగ్గినప్పుడు గోడ వంకర చూసే నా రసమట్టమే నా చేతికిచ్చాడు.

"బుడగ యాడుంది మేస్త్రీ?"

"నడుమనే ఉంది."

"ఇన్నేండ్ల సంది నడుమనే ఉందనుకొని ఎన్ని వంకర గోడలు గట్టినవో!"

"నీ దుకాణం గోడ గూడ అండ్లనే ఉంది, చూసుకో సాయిబూ."

ఇద్దరం నవ్వుకున్నాం. అట్లాంటి మనిషి.

నా బిడ్డకు మూడో తరగతిలో బోర్డు కనిపించడం మానేసింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆయన దగ్గరికే తీసుకుపోయేవాణ్ణి. నంబరు చూసి ఒక చిన్న చీటీ మీద రాసి దాచేవాడు. చీటీ మారినప్పుడల్లా అద్దం మందమయ్యేది. బడిలో పిల్లలు సోడాబుడ్డి అంటే బిడ్డ ఏడ్చేది కాదు, కొట్టేది. ఇంటర్ అయ్యాక కానిస్టేబుల్ అవుతానంది. కానీ ఆ నౌకరికి అద్దాలు లేని చూపు కావాలి. అప్పుడే ఎవరో చెప్పారు, పట్నంలో లేజరు వచ్చింది, అద్దాలు తీసి పారేయొచ్చని. నా బిడ్డ పోలీసు బట్టలు వేసుకుని ఊళ్లో నడుస్తుంటే చూడాలని నాకే ఎక్కువ ఆశ. బిడ్డను వెంటబెట్టుకుని, ఛాతీ విరుచుకుని దుకాణానికి పోయాను.

"సాయిబూ, నా బిడ్డకు ఇంక నీతోని పని లేదు. లేజరు జేపిస్తున్న."

ఆయన కోపం చేయలేదు. "వయసెంత?" అన్నాడు.

"ఇరవై. సర్టిఫికెట్ల జూడు."

"కాయితం వయసు గాదు మేస్త్రీ. కన్ను వయసు చెప్పు."

మూడో తరగతి నుంచి చూస్తున్నాడు, ఆయనకు తెలుసు. మా దిక్కు అప్పట్లో పిల్లల చేయి తల మీదుగా పోయి అవతలి చెవి అందితేనే బడిలో చేర్చుకునేవారు. నా బిడ్డకు అందలేదు. మూడేళ్ల పిల్లను, అయిదు నిండాయని సారుతో వాదించి పేరు రాయించాను. పనికి పోయేవాళ్లం, ఇంట్లో చూసే దిక్కు లేదు. ఆ రెండేళ్లు కాగితం మీద అట్లాగే ఉండిపోయాయి.

ఆయన చీటీలు తీసి బల్ల మీద వరుసగా పరిచాడు.

"పోయినేడు గింత, గీ ఏడు గింత. నంబరు ఇంకా నడుస్తాంది. అది నిలవడి ఏడాదన్న గావాలె. ఎదిగే పిల్లకు పదేండ్లకు సరిపోను రవిక ఒక్కసారే కుట్టిస్తవా?"

"డాక్టర్లకు తెల్వదా?"

"నువ్వు అబద్ధమాడితే వాళ్లకేం తెలుస్తది? ఇంకోటి ఇను. లేజరంటే కంటి ముందటి పొరను చెక్కుడు. పలుచటి గోడను చెక్కి చదును జేస్తవా నువ్వు?"

"చెయ్య. పగులుతది."

"మరి బిడ్డ కన్ను గోడ ఎంత మందముందో కొలిచినవా? నాకాడ ఆ మిషిన్ లేదు, నేను డాక్టర్ను గాను. పట్నంల కొలవమని అడుగు. చెక్కింది మళ్ల అతుకరాదు. కొందరికి కండ్లు ఎండిపోతయట, చీకట్ల లైట్లు చెదిరి కనవడ్తయట. నలభై దాటితె దగ్గరి అద్దాలు ఎట్లనన్న వస్తయి. ఇవన్ని తెలిసినంక గూడ కావాలంటె, అప్పుడు చేపియ్యి."

"నీ గిరాకి పోతదని ఏడుస్తున్నవు," అన్నాను. దుకాణం మెట్టు మీద ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందే అన్నాను.

ఆయన చీటీలు మడిచి నా బిడ్డ చేతిలో పెట్టాడు. "డాక్టర్ అడిగితె చూపియ్యి బేటీ," అన్నాడు. నా వైపు చూడలేదు.

పట్నంలో డాక్టరు అడిగాడు, ఏడాదిలో నంబరు మారిందా అని.

"లేదు సార్. రెండేండ్ల సంది ఒక్కటే," అన్నాను.

బిడ్డ నా మొహం చూసింది. సంచిలోంచి చీటీలు తీసింది.

"బాపు తప్పు చెప్తుండు సార్. నా వయసు గూడ పద్దెనిమిదే."

డాక్టరు చీటీలన్నీ చదివి, ఇంకో మిషిన్ దగ్గరికి పంపించాడు. చాలాసేపటికి మమ్మల్ని పిలిచాడు. కంటి ముందు పొర పలుచగా ఉందని, ఉబ్బుతూ ఉందని, దాన్ని చెక్కితే అద్దాలతో కూడా దిద్దలేనంతగా చూపు చెడేదని చెప్పాడు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ లేజరు మాట ఎత్తవద్దన్నాడు. చివరికి ఆ చీటీలు తిరిగిస్తూ, "ఇవి రాసినాయనకు నా నమస్కారం చెప్పండి," అన్నాడు.

బస్సులో బిడ్డ జడ్చర్ల దాకా ఏడ్చింది. నేను బిడ్డ కళ్ల గురించి కాదు, సాయిబుకు మొహం ఎట్లా చూపించాలా అని ఆలోచించాను. అదీ నా బుద్ధి.

రెండేళ్లు ఆ దుకాణం మెట్టు ఎక్కలేదు. ఒకసారి ఛాయ్ హోటల్లో ఎదురుపడ్డాడు.

"బిడ్డ కండ్లెట్లున్నయి మేస్త్రీ?"

"మంచిగనే ఉన్నయి."

"గది చాలు," అన్నాడు. ఛాయ్ చల్లారేదాకా కూర్చున్నాడు. నేనింకేమైనా అంటానని చూశాడేమో. నేను ఛాయ్ పైసలిచ్చి లేచి వచ్చాను.

బిడ్డ ఆయనకు ఎప్పుడో అంతా చెప్పిందని తర్వాత తెలిసింది. తెలిసి కూడా అడిగాడు. నేను మాట్లాడటానికి దారి ఇచ్చాడు. డాక్టరు నమస్కారం పంపింది నా చేత. తప్పయిందనే మాట నాది. రెండూ మోసుకుని తిరిగాను.

మీ ఇళ్లలో ఎవరైనా లేజరుకు పోతే, ముందు పాత చీటీలు వెతకండి. పొర మందం కొలిపించండి. డాక్టరు ముందు కాగితం వయసు చెప్పకండి. నాకు చెప్పినాయన మాట నేను వినలేదు, నా బిడ్డ విన్నది.

ఆ శుక్రవారం బడి నుంచి బిడ్డ కూడా వచ్చింది. ఇప్పుడు చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. సాయిబును మోసుకుపోయే జనాజా బస్టాండు దాటుతుంటే భుజం ఇద్దామని రోడ్డు దాటి దగ్గరి దాకా పోయాను. ఏ మొహంతో పట్టుకోవాలో తోచక వెనక్కి వచ్చి బిడ్డ పక్కన నిలబడ్డాను. కళ్లలో నీళ్లు నిండి నాకు రోడ్డు కనిపించలేదు.

"యాడిదాక పోయిండ్రు బిడ్డా?"

"చింతచెట్ల కాడికి బాపూ. ఆయన కొడుకు ముందట పట్టిండు. ఛాయ్ హోటలాయన భుజం మార్చుకుంటుండు."

"ఇప్పుడు?"

"మలుపు దిరుగుతుండ్రు."

"కనవడ్తుండ్రా ఇంకా?"

బిడ్డ అద్దాల్లోంచి రెప్ప వేయకుండా చూస్తూ ఉంది.

"మనుషులు కనవడ్తలేరు. పైన గప్పిన గుడ్డ అంచు కనవడ్తాంది బాపూ. గాలికి లేస్తాంది."